పాలు పొంగని కొలువుకూటం

ఒకానొక రాజ్యంలో, పటంలో వెతికితే దొరకదు గానీ, ఏటి ఒడ్డున తాటితోపుల నడుమ చల్లగా ఉండే కుందవరం అనే రాజ్యంలో, రణభైరవుడనే రాజు ఉండేవాడు. పేరు అంత భయంకరంగా ఉన్నా ఆయన చేసిన యుద్ధాలు రెండే. మొదటిది వానవల్ల ఆగిపోయింది. రెండోదానికి శత్రువు రాలేదు. అయినా రెండింటికీ విజయస్తంభాలు లేచాయి.

ఆ రాజుకు మీసం ఎంత ముఖ్యమో మాట అంత ముఖ్యం. మీసాన్ని రోజూ ఆముదం రాయించి దిద్దించేవాడు. మాటను మాత్రం ఎవరినీ దిద్దనిచ్చేవాడు కాదు. “రణభైరవుడి నోట వచ్చింది రాతిమీద చెక్కినట్టే. దాన్ని రణభైరవుడు కూడా చెరపలేడు!” అని రోజుకు నాలుగుసార్లైనా అనేవాడు. అందులో డాంబికం చాలానే ఉంది. కానీ తానన్న మాట తిరిగి తన నెత్తిమీదికే వచ్చినా పక్కకు తప్పుకునే మనిషి కాడని కూడా ఆయనకు పేరుంది. ఆ ఒక్క గుణమూ లేకపోతే ఈ కథే లేదు.

ఆ రాజుగారి దగ్గర అడపం మోసేవాడు సింగన్న. అడపం అంటే తమలపాకుల పెట్టె. సింహాసనం మీద కూర్చున్న రాజు ఎడమచెయ్యి కాస్త పక్కకు చాచగానే ఆ చేతిలో తాంబూలం చిలక పడాలి. అదీ ఉద్యోగం. వినడానికి చిన్నదే. కానీ ఆలోచించి చూడండి. మంత్రి రాజుకు పది అడుగుల దూరంలో ఉంటాడు, సేనాపతి పాతిక అడుగుల దూరంలో ఉంటాడు, అడపంవాడు చెవికి జానెడు దూరంలో ఉంటాడు. పైగా చిలక చుట్టడం సామాన్యమా? ఈనె తీయాలి, సున్నం గోటిమీద నిలిచేంతే రాయాలి. ఎక్కువైతే రాజు నోరు పొక్కి వీడి ఉద్యోగం పోతుంది. తక్కువైతే నోరు పండక వీడి పరువు పోతుంది. పదహారేళ్లు ఆ పని చేసిన సింగన్నకు ఎదుటివాడి మాటలో సున్నమెంతో వక్కెంతో కూడా ఇట్టే తెలిసేది.

సరే, అసలు సంగతికి వద్దాం.

మూడేళ్ల కిందట వానాకాలంలో అంగడి వీధిలో కొత్త మిద్దె ఒకటి కూలింది. అదృష్టవశాత్తూ లోపల ఎవరూ లేరు. రాజుకు కోపం వచ్చి, ఇకమీదట అనుమతి లేకుండా ఎవరూ కొత్త కట్టడంలో కాలు పెట్టకూడదన్నాడు. ఆలోచన మంచిదే. దాన్ని శాసనంగా రాసే పని విరూపాక్ష దీక్షితులనే పండితుడి చేతిలో పడింది. ఆయన గృహశాస్త్రంలో దిట్ట. తన ఇంటి పెరటి గుమ్మం ఎటు ఉండాలో తేలక పదేళ్లుగా పెరడు లేకుండానే గడుపుతున్నాడని చెప్పుకునేవారు. రాజు ఆయన్నే కట్టడాల విచారణకర్తగా కూడా వేశాడు.

దీక్షితులు రాసిన శాసనం కోట గుమ్మం పక్కన రాతిమీద చెక్కించారు. అది ఇలా ఉంది:

“మా సౌధము మొదలు కూలివాని పాక వరకు, ఈ రాజ్యమున క్రొత్తగా లేచిన ఏ కట్టడమునందును పత్రము లేనిదే ఎవ్వరును కాలిడరాదు, కూర్చుండరాదు, పరుండరాదు, పొయ్యి రాజబెట్టరాదు. విచారణకర్త కట్టడము లోపల పాలు పొంగుట కన్నులార చూచిన పిమ్మటనే పత్రము నీయవలెను. విన్నపములు అందిన వరుసనే విచారింపవలెను. మీరినవాడు ఎంతటివాడైనను తక్షణము వెలుపలికి నడువవలెను.”

మొదట్లో ఉన్న “మా సౌధము మొదలు” అన్నది దీక్షితులు రాసింది కాదు. శాసనంలో తన సౌధం ఊసు లేకపోతే వెలితిగా ఉందని రాజుగారే పట్టుబట్టి చేర్పించారు.

కొత్త ఇంట్లో పాలు పొంగించడం మనకు ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. అందులో పెద్దల తెలివి ఉంది. పొయ్యి వెలిగితే పొగ ఎటు పోతుందో తెలుస్తుంది, గాలి ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది, ఇల్లాలి ఓపిక ఎంతో కూడా తెలుస్తుంది. చిక్కల్లా శాసనంలో ఉంది. పత్రం లేనిదే పొయ్యి రాజబెట్టకూడదు. పొయ్యి లేనిదే పాలు పొంగవు. పాలు పొంగనిదే పత్రం రాదు.

ఆ రాజ్యంలో ఏటి రేవు దగ్గర గవరమ్మ అనే మంత్రసాని ఉండేది. డెబ్భై దాటిన మనిషి. ఏటికి అవతల పదకొండు పల్లెలు. కాన్పు కష్టమయ్యేట్టుందంటే అక్కడివాళ్లు ఆడమనిషిని పడవెక్కించి గవరమ్మ దగ్గరికి తెచ్చేవారు. తెచ్చి ఎక్కడ పడుకోబెట్టాలి? పడవవాళ్లు తెడ్లూ వలలూ దాచుకునే రేవు పాకలో. వాన వచ్చిందంటే అందులో పైనా కిందా ఒకటే నీళ్లు. ఆ పాకలో తాను ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో, ఎన్నిటిని ఏటి గట్టున పూడ్చి వచ్చిందో గవరమ్మకే తెలుసు. అందుకే ఒక పురిటి ఇల్లు కట్టాలనుకుంది. ఆమె చేతిలో బిడ్డ పుట్టిన ప్రతి ఇంటివాళ్లూ ఇరవై పెంకులో, నాలుగు తట్టల మట్టో, ఒక వాసమో మోసుకొచ్చి పడేశారు. ఐదేళ్లకు ఇల్లు లేచింది. రెండు గదులు, చుట్టూ వెడల్పాటి చూరు, ఎత్తైన అరుగు. లేచి ఆరు నెలలైంది. తలుపుకు దీక్షితులుగారి మనుషులు కట్టిన కొబ్బరితాడూ, దాని మీద లక్కముద్రా అలాగే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్నే సింగన్న పెరట్లో తమలపాకులు కడుగుతుంటే గవరమ్మ వచ్చి గట్టుమీద కూర్చుంది.

“ఒరే సింగన్నా, పొయ్యి లేకుండా పాలు పొంగించే విద్య ఏదైనా వచ్చా నీకు?”

“ఏమవ్వా, ఈ వయసులో కొత్త కాపురమా?”

“నోరు ముయ్యరా సచ్చినోడా. పుట్టేటప్పుడు ముందు కాళ్లు బయట పెట్టావు, నిన్ను పట్టుకు లాగేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచీ నీవన్నీ అడ్డదిడ్డం మాటలే.”

సింగన్న నవ్వాడు. గవరమ్మ నవ్వలేదు.

“అవతలి గట్టు సన్నెమ్మకు నెలలు నిండాయిరా. పోయినేడు దాని తొలి బిడ్డ ఆ పాకలోనే పోయాడు. పుట్టగానే బాగా ఏడ్చాడు కూడా. తుడిచి పడుకోబెట్టడానికి పొడిచోటు లేకపోయింది. నా చేతుల్లోనే చల్లబడిపోయాడు. మళ్లీ ఆ పాకలోకే రమ్మని దానికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఎదురుగా కొత్త ఇల్లు. తాడు కట్టిన తలుపు. ఎనిమిదిసార్లు తిరిగాను ఆ పంతులుగారి చుట్టూ.”

సింగన్న చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. “ఇంకా ఎన్నాళ్లుంది?” అన్నాడు.

“వారం. ఏరు పెరిగితే ముందే తెచ్చేస్తారు.”

సింగన్న తిన్నగా దీక్షితులు దగ్గరికి వెళ్లాడు.

“దీక్షితులుగారూ, పొయ్యి రాజబెట్టకుండా పాలు ఎలా పొంగుతాయండీ?”

“అది విన్నపం చేసుకున్నవారు చూసుకోవలసిన సంగతి.”

“మరి ధాన్యాధికారిగారి కొత్త మేడలో ఎలా పొంగాయి?”

“వారికి ఆనుకునే పాత ఇల్లు ఉంది. నడుమ గోడ ఉమ్మడి. అవతల పొంగితే ఇవతల పొంగినట్టే.”

“గవరమ్మకు ఆనుకుని ఏరుందండి.”

“ఏట్లో పాలు పొంగవు నాయనా,” అన్నాడు దీక్షితులు ఎంతో శాంతంగా. “ఆమె విషయం ఆలోచిస్తున్నాను. శాస్త్ర విషయం. తొందర పనికిరాదు.”

ఆ పూట కొలువు ముగిశాక, చిలక అందిస్తూ సింగన్న ఈ సంగతి రాజు చెవిన వేశాడు. రాజు సగం విని మీసం మెలేశాడు.

“శాసనం మార్చమంటావా? రణభైరవుడి నోట వచ్చింది రాతిమీద చెక్కినట్టే!”

“చెక్కారు కూడా మహాప్రభూ.”

“మరింకేం? నువ్వేదో తెలివిగలవాడివని ఊళ్లో అంటారు. శాసనంలో ఒక్క అక్షరం కదపకుండా ఆ ముసలిదానికి పత్రం ఇప్పించు చూద్దాం. వారం గడువు. చేతకాకపోతే ఆ పెట్టె ఇంకొకడికిచ్చి, పోయి ఆకుతోట కాసుకో.”

“చేతనైతే?”

“ఏం కావాలో అడుగు. ఇస్తాను.”

“చిత్తం. అక్షరం కదపకూడదు. ఉన్న అక్షరాలను పాటించవచ్చు కదా?”

“పాటించి తీరాలి! ఎంతటివాడైనా సరే!” అని గర్జించాడు రాజు.

సింగన్న కోట గుమ్మం దగ్గరికి వెళ్లి ఆ రాతిముందు నిలబడ్డాడు. రాతిమీద చెక్కినదాన్ని అందరూ చూస్తారు, ఎవరూ చదవరు. పదహారేళ్లుగా ఆ గుమ్మంలోంచే నడుస్తున్న సింగన్న కూడా దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవడం ఆరోజే. రెండుసార్లు చదివాడు. తరువాత వెనక్కి వచ్చి కొలువుకూటం కప్పుకేసి మెడ నొప్పెట్టేదాకా చూశాడు.

ఆ కొలువుకూటం కూడా కొత్తదే. నలభై ఎనిమిది స్తంభాలు. పాతదాన్ని పడగొట్టి, ఆ రాయితోనే రెండు నెలల కిందట ముగించారు. కప్పంతా రంగుల బొమ్మలు, రాజుగారి రెండు యుద్ధాలవి. ప్రవేశంనాడు హోమం లోపల చేస్తే రంగులు మసిబారతాయని దీక్షితులే దాన్ని బయట ఆవరణలో చేయించాడు. కొలువుకూటంలో వంట ఉండదు కనక పొయ్యి మాట ఎవరికీ తట్టనే లేదు. కప్పుమీద ఎక్కడా వేలెడు పొగమచ్చ లేదు. సింగన్న మెడ సవరించుకుంటూ ఇంటికి పోయి, ఆరోజు హాయిగా భోంచేశాడు.

నాలుగో రోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. కొలువు నిండుగా ఉంది. రాజు సింహాసనం మీద కూర్చుని అలవాటుగా ఎడమచెయ్యి చాచాడు. చేతిలో ఏమీ పడలేదు. చెయ్యి ఇంకా చాచాడు. ఏమీ పడలేదు. ఆ చెయ్యి ఖాళీగా వెనక్కి రావడం పదహారేళ్లలో అదే మొదలు.

“సింగన్న ఏడి?”

“ఇక్కడే ఉన్నాను మహాప్రభూ!” అని వాకిట్లోంచి వినిపించింది. చూస్తే గుమ్మానికి రెండు బారల అవతల, వానలో నిలబడి ఉన్నాడు. తాటాకు గొడుగు పెట్టెకు పట్టాడు, తను తడుస్తున్నాడు.

“పిచ్చిపట్టిందా? లోపలికి రా!”

“రాకూడదు మహాప్రభూ. ఈ కట్టడానికి పత్రం లేదు.”

రాజు ముందుకు వంగాడు. “నిన్నటిదాకా వచ్చావుగా?”

“నిన్నటిదాకా తెలియక చేశాను. చదివిన శాసనం తలకెక్కేసరికి ఇవాళయింది. తెలిసి తెలిసి తమ మాట ఎలా మీరను? ఇందులో పాలు పొంగలేదు, పత్రం రాలేదు.”

దీక్షితులు లేచాడు. “కొలువుకూటానికి ఆ శాసనం వర్తించదు మహాప్రభూ. అది గృహాలకు మాత్రమే.”

“‘మా సౌధము మొదలు’ అని చెక్కి ఉందండి,” అన్నాడు సింగన్న. “ఆ మాట ఎవరు చేర్పించారో మహాప్రభువులకే బాగా తెలుసు.”

రాజు మొహం కందగడ్డలా అయింది. మంత్రి నేలకేసి చూశాడు. సేనాపతి కప్పుమీది యుద్ధాలు చూశాడు. సింగన్నకు మాత్రం వాననీటిలో కూడా చెమట పట్టింది. రాజు ఇప్పుడు “వీణ్ణి ఈడ్చుకు పొండి” అంటే కథ అక్కడితో సరి.

రాజు అలా అనలేదు. మీసం కొస పట్టుకుని లాగాడు. “‘ఎంతటివాడైనను’ అని కూడా ఉంది కదూ?” అన్నాడు.

“ఉంది మహాప్రభూ.”

రణభైరవుడు లేచి నిలబడ్డాడు. కిరీటం సర్దుకుని, మెట్లు దిగి, నలభై ఎనిమిది స్తంభాల మధ్యగా నడిచి వానలోకి వచ్చాడు. ఎన్ని చెప్పుకున్నా, ఆ నడకకు మాత్రం చేతులెత్తి మొక్కాలి. వెనకాలే కొలువంతా తోసుకుంటూ బయటపడింది. సింగన్న చిలక అందించాడు. రాజు బుగ్గన పెట్టుకున్నాడు.

“దీక్షితులూ, పాలు పొంగించు. పత్రం రాయి. నేను లోపలికి పోవాలి.”

“పత్రం లేనిదే లోపల పొయ్యి రాజబెట్టరాదు మహాప్రభూ,” అన్నాడు దీక్షితులు.

“అయితే పత్రం ఇయ్యి.”

“పాలు పొంగనిదే పత్రం…” అని దీక్షితులు ఆగాడు. ఆయన మెదడులో అప్పుడే ఒక దారి మెరిసింది. “అంతఃపురం వంటశాలలో పొంగితే ఇక్కడ పొంగినట్టే. నడుమ గోడ ఉమ్మడి అయితే చాలు.”

“నడుమ ఉన్నది ఏనుగుల దొడ్డండి,” అన్నాడు సింగన్న.

“గోడవతల పొంగితే ఇవతల పొంగినట్టని శాసనంలో ఎక్కడుందయ్యా?” అన్నాడు రాజు. “ఇలా ఎంతమందికి పొంగించావు?”

దీక్షితులు తడిసిన పంచె అంచు పిండుకున్నాడు. రాజు మీసం కొసలనుంచి నీళ్లు కారుతున్నాయి.

“మరి ఇప్పుడేం చెయ్యాలి?”

“ఆలోచించాలి మహాప్రభూ.”

“ఎంతసేపు?”

దీక్షితులు అబద్ధం చెప్పలేకపోయాడు. “ఆ మంత్రసాని విషయమై ఆరు నెలలనుంచి ఆలోచిస్తున్నాను.”

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. రాజు సింగన్న వైపు తిరిగాడు. అంతఃపురానికి వెళ్లి పొడిబట్టలు కట్టుకోవచ్చు. కానీ తన గుమ్మం ముందు తానే ఓడి వెళ్లిపోవడం ఆ మీసానికి పడదు.

“నీకేదో తట్టినట్టుంది. చెప్పు.”

“శాసనం లోపల పొయ్యి రాజబెట్టరాదంది మహాప్రభూ. బయట రాజబెట్టిన కుంపటిని లోపలికి తేకూడదని అనలేదు. లోపల పాలు పొంగాలంది. కుంపటిమీద పొంగకూడదని అనలేదు. ఎవరూ కాలు పెట్టకూడదంది. కానీ పాలు పొంగడం విచారణకర్త కళ్లారా చూడాలి కనక ఆయన లోపలికి పోక తప్పదు. దీక్షితులుగారే కుంపటి పట్టుకువెళ్లి, నిలబడి విసిరితే సరి. ఒక్క అక్షరం కదలదు.”

రాజు కళ్లు పెద్దవయ్యాయి. “తేండ్రా కుంపటి!”

“తేవచ్చు మహాప్రభూ. కానీ విన్నపాలు అందిన వరుసనే విచారించాలని ఉంది. గవరమ్మ విన్నపం ఆరు నెలల కిందటిది. కొలువుకూటానికి ఇంకా విన్నపమే పడలేదు.”

రాజు అతనికేసి ఒక్క క్షణం చూశాడు. తరువాత గొడుగు పట్టేవాణ్ణి ముందుకు నెట్టాడు. “పద, రేవుకే పోదాం. దీక్షితులూ, నువ్వు నా ముందు నడు. వెనక వస్తే మళ్లీ ఆలోచనలో పడతావు.”

ఏరు అప్పటికే ఎర్రగా పొంగి ఉంది. పొద్దున్నే సన్నెమ్మను పడవలో తెచ్చేశారు. రేవు పాకలో తెడ్లమధ్య గోనెపట్టా మీద పడుకుని ఉంది. నొప్పులు మొదలయ్యాయి. పైనుంచి కారే ధార ఆమెమీద పడకుండా గవరమ్మ తన తాటాకు గొడుగు అడ్డం పట్టింది. పక్కనే మట్టి కుంపటిలో నిప్పులు కణకణలాడుతున్నాయి. వానలో నిప్పు కాపాడుకోవడం మంత్రసానికి పుట్టుకతో వచ్చే విద్య.

పాక ముందు రాజు ఆగిపోయాడు. ఆ గోనెపట్టానూ, ఆ ధారనూ, ఎదురుగా తాడు కట్టిన కొత్త తలుపునూ చూశాడు.

“అవ్వా, కుంపటి ఇయ్యి. నీ ఇంట్లో పాలు పొంగాలి,” అన్నాడు సింగన్న.

“ఎవరు పొంగిస్తారురా?”

“పంతులుగారే.”

గవరమ్మ దీక్షితుల్ని ఎగాదిగా చూసింది. “విసిరేటప్పుడు మొహం పక్కకు పెట్టుకో నాయనా. అలవాటు లేనోడివి.”

తాడు తెంపారు. దీక్షితులు పట్టుపంచె ఎగగట్టి, కుంపటి మోసుకుని లోపలికి నడిచాడు. పాలగిన్నె పెట్టాడు. విసనకర్రతో విసిరాడు. పొగంతా గదిలో ఒకసారి తిరిగి కిటికీలోంచి చక్కగా బయటికి పోయింది, పోయేముందు దీక్షితులు కళ్లను పలకరించింది. అరుగు కింద వానలో రాజూ, మంత్రీ, సేనాపతీ మెడలు సాచి చూస్తున్నారు. పాకలోంచి సన్నెమ్మ మూలుగు వినిపించింది.

“గట్టిగా విసరవయ్యా!” అని అరిచాడు రాజు.

“విసురుతున్నాను మహాప్రభూ!”

పాలు అంచుదాకా వచ్చాయి, తొణికాయి, పొంగి కుంపటిమీద చుయ్యిమన్నాయి. దీక్షితులు కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, చూరుకింద తాటాకుమీద పత్రం రాసి ముద్ర వేశాడు. చేతులు నల్లగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

రాజు ఠీవిగా మెట్టుమీద కాలు పెట్టబోయాడు. కొత్త కట్టడంలో తొలి అడుగు రాజుది కావడం అక్కడి మర్యాద. గవరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు మారాజా. ఈ ఇంట్లోకి ముందు అడుగు పెట్టాల్సింది నిండు చూలాలు. తరవాత కూడా మగోళ్లకు లోపల పనిలేదు.”

సేనాపతి కత్తిమీద చెయ్యి వేశాడు. రాజు కాలు వెనక్కి తీసుకున్నాడు. తనకు పట్టిన గొడుగును లాక్కుని, పాకనుంచి అరుగుదాకా సన్నెమ్మమీద తానే పట్టి నడిపించాడు. తలుపు మూసుకుంది.

మధ్యాహ్నందాకా అందరూ చూరుకింద నిలబడ్డారు. ఎవరినీ పొమ్మనలేదు, ఎవరూ పోలేదు. దీక్షితులు మెల్లగా గొంతు సవరించుకుని, “మహాప్రభూ, ఇక కుంపటి కొలువుకూటానికి పట్టుకెళ్లనా?” అన్నాడు. అంతలో లోపలినుంచి ఏడుపు వినిపించింది. చిన్నదే, గట్టిది, ఆగకుండా. కిటికీలోంచి గవరమ్మ తల బయట పెట్టింది.

“ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు. కుంపటి మాత్రం రేపటిదాకా ఇవ్వను. బిడ్డకు వెచ్చదనం కావాలి. నీ కోటకు ఇంకోటి చూసుకో మారాజా!”

అంటూనే కిటికీ మూసేసింది. రాజు ఆ కిటికీకేసి చూశాడు. తడిసి ముద్దైన తన సేనాపతికేసి చూశాడు. మసి పూసుకున్న దీక్షితులుకేసి చూశాడు. అప్పుడు వచ్చింది నవ్వు. మీసం పట్టుకుని, అరుగుమీద కూలబడి, కిరీటం ఒళ్లోకి జారిపోయేదాకా నవ్వాడు. కొలువంతా నవ్వింది. కాసేపటికి దీక్షితులు కూడా నవ్వాడు.

రాజు తన ముంజేతి కంకణం తీసి సింగన్న చేతికి తొడిగాడు. “ఇది నేనిచ్చేది. ఇక నువ్వు అడగాల్సింది అడుగు.”

“శాసనం చివర ఒక్క వాక్యం చేర్చాలి మహాప్రభూ. ఉన్నదాంట్లో అక్షరం కదలదు, కిందికి ఒక వరుస పెరుగుతుంది, అంతే.”

“ఏమని?”

“విన్నపం అందిన తొమ్మిదో నాటికి విచారణ ముగియకపోతే, ముగిసేదాకా విచారణకర్త ఆ కట్టడం చూరుకిందే కాపురం ఉండవలెను అని.”

“చెక్కించండి!” అన్నాడు రణభైరవుడు, మళ్లీ నవ్వుతూ.

ఆ తరువాత కుందవరంలో ఎవరైనా ఇల్లు కట్టి విన్నపం పెట్టుకుంటే, మూడో రోజు పొద్దు పొడవకముందే విరూపాక్ష దీక్షితులు ఒక చేత కుంపటి, ఒక చేత పాలచెంబు పట్టుకుని వాళ్ల పాత ఇంటి వాకిట్లో నిలబడి, “ఏమండోయ్, ఇంకా లేవలేదా?” అని తలుపు తట్టేవాడట.